రెండు డోసులు అయ్యాయి సరే, ఇంటికి పోయి ఎక్కడ పడుకుంటాం?

 

నాలుగు రోజుల నుంచి మన గ్రూపులో ఒకటే మాట నడుస్తుంది. ఒక తమ్ముడు అడిగాడు, "మా రూములో ఒకడికి పాజిటివ్ వచ్చింది. నాకు రెండు డోసులు అయిపోయాయి. జ్వరం లేదు, దగ్గు లేదు. నేను ఇంటికి పోవచ్చా? మేడారం పోవచ్చా?" అని. కింద జవాబులు చాలా వచ్చాయి గానీ ఏ రెండూ కలవలేదు. ఒకరు 14 రోజులు కదలొద్దన్నారు. ఇంకొకరు రెండు డోసులు వేసుకున్నవాళ్ళకి అమెరికాలోనే తీసేశారు, మనకెందుకన్నారు. ఒక అన్నయితే మనది అడవి తిండి, మనకి రాదు పో అన్నాడు. అన్న మీద నాకు గౌరవమే. కానీ 2021 మే నెలలో మన మండలంలో ఎన్ని గూడేల్లో దినాలు జరిగాయో అన్నకి కూడా తెలుసు. వాళ్ళు తిన్నదీ అడవి తిండే.

నేను డాక్టర్ని కాదు. బీఎస్సీ రెండో సంవత్సరం, బీజెడ్‌సీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు, కాబట్టి ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా నన్నే అడుగుతారు, నాకు తెలిసినా తెలియకపోయినా. అందుకే ఈ నెలలో ఈ రూల్స్ అన్నీ కూర్చుని చదివాను. నాకు అర్థమైంది ఒకటే. "రెండు డోసులు వేసుకున్నావా" అనేది సగం ప్రశ్న. మిగతా సగం "నువ్వు పోయే ఇంట్లో ఎవరున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటావు" అనేది. ఆ రెండో సగం మనల్ని ఎవరూ అడగట్లేదు. మనమన్నా అడగాలి. పోస్టు పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందు మా హాస్టల్లో జరిగింది చెప్తా. హాస్టల్ పేరు రాయను, పేరుతో పని లేదు, ఇట్లాంటివి చాలా ఉన్నాయి. 2022లో సంక్రాంతి సెలవులు జనవరి 30 దాకా పొడిగించారు గదా, ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచాక అందరం వచ్చాం. మా రూములో 12 మందిమి. మంచాలు ఎనిమిది, మిగతావాళ్ళం కింద చాపలు. 4వ తారీఖు రాత్రి ఒకడికి చలి జ్వరం. మనవాళ్ళకి చలి జ్వరం అంటే మొదట మలేరియానే గుర్తొస్తుంది, మాకూ అదే అనిపించింది. 5న పొద్దున్నే తీసుకుపోతే మలేరియా లేదు, కరోనా ర్యాపిడ్ టెస్టులో పాజిటివ్ అని చెప్పారు. మందుల కిట్ చేతిలో పెట్టారు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేస్తే బండి వేసుకుని వచ్చి, వెనక కూర్చోబెట్టుకుని, అరవై కిలోమీటర్లు తీసుకుపోయాడు. జ్వరంలో ఉన్న పిల్లోడు, ముందు బండి నడిపే తండ్రి, మధ్యలో జానెడు ఎడం కూడా లేదు.

మిగిలిన 11 మందిమి. మాకు టెస్టు చెయ్యలేదు. అది వాళ్ళ తప్పని అనను. 2022 జనవరి 10న ఐసీఎంఆర్ ఇచ్చిన సూచనలో, పాజిటివ్ వచ్చినవాళ్ళ దగ్గర మెలిగినా, లక్షణాలు లేకపోతే, వయసు గానీ వేరే జబ్బులు గానీ ఉన్నవాళ్ళకి తప్ప టెస్టు అక్కర్లేదన్నారు. మేము ఇరవై ఏళ్ళ వాళ్ళం. సరే. కానీ టెస్టు అక్కర్లేదంటే ఒంట్లో వైరస్ లేదని అర్థం కాదు గదా. కిట్లు అందరికీ సరిపెట్టలేరు, ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళకి వాడదాం అని మాత్రమే దానర్థం. హాస్టల్లో దాన్ని ఇంకోరకంగా అర్థం చేసుకున్నారు. "మీకందరికీ రెండు డోసులు అయినాయి గదా, మీకేం కాదు. ఇళ్ళకి పొండి, వారం తర్వాత రండి" అన్నారు. మీకేం కాదు అన్నది నిజమే కావచ్చు. ఇళ్ళకి పొండి అన్నదే నాకు మింగుడుపడలేదు. ఏమీ కాకపోతే ఇక్కడే ఉండనివ్వొచ్చు గదా? ఏదో అవుతుందని అనుమానం ఉంటే ఇంటికెట్లా పంపుతారు?

నలుగురు ఆ సాయంత్రమే ఆర్టీసీ బస్సెక్కారు. మేము ఏడుగురం మొండికేసి ఉండిపోయాం. అందరూ నన్ను అడిగింది, నీకు ఇంటికి పోవాలని లేదా అని. ఉంది. సంక్రాంతికి ఇంటిదగ్గరే ఉండి వచ్చాను, అయినా ఉంది. కానీ మా ఇంట్లో నాయనమ్మకి ఆయాసం. చెల్లికి సికిల్‌సెల్. అమ్మ మొదటి డోసు వేయించుకుంది, రెండోది మిరప పనుల్లో పడి పోలేదు. నాకు రెండు డోసులు అయ్యాయన్న సంగతి నా ఒంటికి తెలుసు, మా నాయనమ్మ ఊపిరితిత్తులకి తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. టీకా వేసుకున్నా వైరస్ అంటుకుంటుందా? అంటుకుంటుంది. మరి వేసుకోవడం దేనికి? చావుబతుకుల దాకా పోకుండా ఉండటానికి. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని మనవాళ్ళు చాలామంది ఒప్పుకోవట్లేదు. ఒక వర్గం టీకా వేసుకున్నవాళ్ళకి కూడా వస్తుంది కాబట్టి టీకా దండగ అంటుంది. ఇంకో వర్గం టీకా వేసుకున్నాం కాబట్టి ఇక రాదు అంటుంది. రెండూ తప్పే, రెండోది ఇప్పుడు మనకి ఎక్కువ ముప్పు.

ఇంగ్లండులో లండన్, బోల్టన్ ప్రాంతాల్లో పాజిటివ్ వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో మనుషుల్ని రోజూ పరీక్ష చేసి ఒక అధ్యయనం చేశారు, 2021 అక్టోబరులో లాన్సెట్ వాళ్ళ పత్రికలో వచ్చింది. డెల్టా రకం సోకిన మనిషితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళలో, టీకా వేసుకోనివాళ్ళకి వందకి 38 మందికి అంటుకుంది. రెండు డోసులు వేసుకున్నవాళ్ళకి వందకి 25 మందికి. అంటే తేడా ఉంది, చిన్న తేడా కాదు. కానీ 25 అంటే నలుగురిలో ఒకరు. మా రూములో 11 మందిమి, మీరే లెక్క వేసుకోండి. ఇంకో మాట కూడా అందులో ఉంది. టీకా వేసుకున్నాక కూడా సోకినవాళ్ళ గొంతులో వైరస్ బాగా పెరిగిన రోజున, ఎంత పెరిగిందని చూస్తే వేసుకోనివాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా కనపడలేదు. వీళ్ళకి తగ్గడం మాత్రం తొందరగా తగ్గింది. ఇదంతా డెల్టా సంగతి. 2022 మొదట్లో నడిచింది ఒమిక్రాన్. ఇది రెండు డోసుల్ని దాటుకుని అంటుకోవడంలో డెల్టా కంటే గట్టిది. ఒళ్ళు బాగా చెడకుండా కాపాడటం మాత్రం టీకా ఇంకా చేస్తుంది. కాబట్టి డోసు ఎవరు మిగిలారో వాళ్ళు వేయించుకోండి, అందులో మారు మాట లేదు.

మరి "అమెరికాలో తీసేశారు" అన్న మాట ఎక్కడిది? అది పూర్తిగా అబద్ధం కాదు, సగం కోసిన నిజం. అమెరికా సీడీసీ వాళ్ళు 2021 డిసెంబరు 27న రూలు మార్చారు. పాజిటివ్ మనిషి దగ్గర మెలిగినవాళ్ళలో బూస్టర్ కూడా వేసుకున్నవాళ్ళు ఇంట్లో కూర్చోనక్కర్లేదు, కానీ 10 రోజులు మనుషుల మధ్య మాస్కు తీయకూడదు, ఐదో రోజు టెస్టు చేయించుకోవాలి అన్నారు. రెండు డోసులే అయ్యి 6 నెలలు దాటి బూస్టర్ వేసుకోనివాళ్ళు 5 రోజులు విడిగా ఉండాలి, ఆ తర్వాత ఇంకో 5 రోజులు మాస్కు అన్నారు. వాట్సాప్‌లో తిరుగుతూ మన దగ్గరికి వచ్చేసరికి బూస్టర్ ఎగిరిపోయింది, ఆరు నెలలు ఎగిరిపోయింది, మాస్కు ఎగిరిపోయింది. "రెండు డోసులైతే అక్కర్లేదంట" ఒక్కటే మిగిలింది. మన దగ్గర ప్రికాషన్ డోసు 2022 జనవరి 10 నుంచి మొదట ఇచ్చింది ఆరోగ్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ వాళ్ళకి, 60 దాటి జబ్బులున్న పెద్దోళ్ళకి. ఇరవై ఏళ్ళ మనకి ఆ డోసు అప్పుడు అడిగినా ఇచ్చేవాళ్ళు కాదు. అంటే ఆ రూలులో మొదటి వరసలో మనం లేనే లేము.

ఇంగ్లండులో ఇంకొంచెం సడలించారు. 2021 ఆగస్టు 16 నుంచి రెండు డోసులైనవాళ్ళు దగ్గర మెలిగినా విడిగా ఉండనక్కర్లేదన్నారు. ఒమిక్రాన్ వచ్చాక డిసెంబరు 14 నుంచి, అట్లాంటివాళ్ళు 7 రోజులు రోజుకో టెస్టు చేసుకోండి అన్నారు. ఆ టెస్టు కిట్లు అక్కడ అప్పుడు ఊరికే ఇచ్చేవాళ్ళు. మన దగ్గర ఇంట్లో చేసుకునే కిట్ వచ్చిన కొత్తలో 250 రూపాయలు. ఏడు రోజులకి ఏడు కిట్లు అంటే 1,750. నాకు ఇంటి నుంచి నెలకి వచ్చేది 500, అది కూడా మిర్చి కూలి బాగా దొరికిన నెలలో. ఇంకోటి చూడండి. అక్కడ తక్కువ జీతం వాళ్ళని విడిగా ఉండమన్నప్పుడు, పనికి పోలేక పోగొట్టుకున్నందుకు 500 పౌండ్లు ఇచ్చే ఏర్పాటు 2020లోనే పెట్టారు. వాళ్ళ రూలు వెనక అప్పుడు కిట్టు ఉండేది, డబ్బుండేది, గది ఉండేది. మనం రూలు ఒక్కటే దిగుమతి చేసుకుంటున్నాం. అది కూడా సగం.

మన దేశం రూల్స్ కూడా చదివాను. 2022 జనవరి 5న కేంద్ర ఆరోగ్యశాఖ కొత్తగా ఇచ్చిన హోం ఐసొలేషన్ సూచనల్లో, పాజిటివ్ వచ్చినవాళ్ళకి 7 రోజులు, చివర్లో వరసగా 3 రోజులు జ్వరం లేకుండా ఉండాలన్నారు. బాగుంది. కానీ మొదట్లోనే ఒక షరతుంది. రోగి విడిగా ఉండటానికి, ఇంట్లోవాళ్ళు కూడా విడిగా ఉండటానికి ఇంట్లో వసతి ఉండాలి. చూసుకునే మనిషి 24 గంటలూ అందుబాటులో ఉండాలి, ఆ మనిషికి టీకాలు పూర్తయి ఉంటే మంచిది. ఇది చదివి మా ఇల్లు గుర్తు చేసుకున్నాను. ఒక పెద్ద గది, వెనక వంటకి పంచ. వర్షాకాలంలో మేకపిల్లలు కూడా లోపలే. ఐదుగురం ఒక వరసలో పడుకుంటాం. ఈ వసతిలో రోగి ఏ మూల, ఇంట్లోవాళ్ళు ఏ మూల?

2021 మేలో నల్గొండ జిల్లాలో ఒక తండా కుర్రాడి సంగతి మీరందరూ వార్తల్లో చూసే ఉంటారు. హైదరాబాదులో చదువుకునే పిల్లోడు, ఇంటికొచ్చాక పాజిటివ్ వచ్చింది. ఇంట్లో విడి గది లేదు. చెట్టెక్కి, కొమ్మల మధ్య కర్రలతో మంచె కట్టుకుని, 11 రోజులు దాని మీదే ఉన్నాడు. తిండి తాడు కట్టి పైకి లాక్కునేవాడు. పేపర్లన్నీ తెలివైన కుర్రాడని మెచ్చుకుంటూ ఫొటోలు వేశాయి. నాకు ఆ ఫొటో చూస్తే తెలివి కంటే ముందు గది కనపడింది, లేని గది. తర్వాత అక్కడి ఎస్టీ హాస్టల్‌నే ఐసొలేషన్ సెంటర్ చేశారని కూడా వార్త వచ్చింది. ఈ ముక్క మాత్రం ఎవరూ షేర్ చెయ్యలేదు. నాకు ఆ వార్తంతటిలో పనికొచ్చేది ఇదే. గదులున్నవి హాస్టళ్ళలోనే. గదులున్న చోట నుంచి గదులు లేని చోటికి మనల్ని పంపుతున్నారు.

ఇది మొదటిసారి కూడా కాదు. 2021 మార్చి 24 నుంచి విద్యాసంస్థలు మూసేస్తున్నామని చెప్పినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? ఒకటి రెండు రోజుల్లో పెట్టెలు సర్దుకుని అందరం బస్టాండులో ఉన్నాం. నేనెక్కిన బస్సులో కూర్చున్నవాళ్ళకి సీటు, నిలబడ్డవాళ్ళకి సీటు కమ్మీ. ఎవరికీ టెస్టు లేదు. అప్పటికి మన వయసువాళ్ళకి టీకా కూడా మొదలవలేదు, 18 దాటినవాళ్ళకి మే 1 నుంచి గదా ఇచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో గూడేల్లోకి ఎవరి ద్వారా వచ్చింది, ఎట్లా వచ్చింది అని నేను ఎవరి మీదా వేలు పెట్టను. పెళ్ళిళ్ళున్నాయి, సంతలున్నాయి. కానీ మూసేసిన హాస్టల్ నుంచి జనాన్ని ఒక్కసారిగా ఇళ్ళకి తోలడం కూడా ఒక దారే. ఇప్పుడు టీకా ఉంది కాబట్టి ఆ దారి భయం లేని దారి అయిపోయిందని అనుకోవడమే నా గొడవ.

ఇంకో చిన్న సంగతి. టెస్టు ఎవరికి చెయ్యాలో చెప్పేచోట ఐసీఎంఆర్ వాళ్ళు జబ్బుల పేర్లు రాశారు. సుగర్, బీపీ, ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ, క్యాన్సర్, ఊబకాయం, వగైరా. మన గూడేల్లో ఊబకాయం ఉన్న మనిషిని చూపించండి చూద్దాం. మనకున్న సికిల్‌సెల్ ఆ "వగైరా"లో ఉంది. ఆశా అక్క ఇంటింటికీ జ్వర సర్వేకి వచ్చినప్పుడు మీ ఇంట్లో సికిల్‌సెల్ ఉన్నవాళ్ళుంటే మీరే నోరు తెరిచి చెప్పండి. ఆమె దగ్గరున్న కాగితంలో ఆ గడి ఉండకపోవచ్చు. చెల్లికి ఏదైనా అయితే ఊపిరితిత్తులతో పాటు రక్తం కూడా చూడాలని అక్కడి డాక్టరుకి ముందే తెలియాలి.

ఇప్పుడు పెద్దోళ్ళ మాట. విడిగా ఉండటం మనకి కొత్త కాదు. మా నాయనమ్మ చెప్తుంది, చిన్నప్పుడు గూడెంలో అమ్మవారు పోస్తే ఆ ఇంటి గుమ్మానికి వేపాకు కట్టేవాళ్ళంట. ఆ ఇంటికి బయటివాళ్ళు పోరు, ఆ ఇంటివాళ్ళు పొలిమేర దాటరు. గింజలు, నీళ్ళు గుమ్మం దూరంలో పెట్టి వచ్చేవాళ్ళంట. ఎవరూ జీవో ఇవ్వలేదు. 2020లో కూడా చాలా గూడేలు పొలిమేరలో కర్రలు అడ్డం కట్టి, కొత్తవాళ్ళని రానివ్వలేదు. ఇదంతా నిజమే, దీని గురించి గొప్పగా రాసిన పోస్టులు మన గ్రూపులో కూడా వచ్చాయి.

కానీ ఒక మెలిక ఉంది. మన ఊళ్ళో "విడిగా పెట్టారు" అంటే వెలి గుర్తొస్తుంది. మన పెద్దల పంచాయతీలో వెలి అంటే తప్పు చేసినవాడికి వేసే శిక్ష. అందుకే మా హాస్టల్ నుంచి పోయిన నలుగురిలో ఒకడు ఫోన్ చేసి చెప్పాడు, ఇంట్లో కూడా చెప్పలేదంట, పాజిటివ్ వాడి పక్కన పడుకున్నానని. చెప్తే ఊరంతా మా ఇంటిని వెలివేసినట్టు చూస్తారు అన్నాడు. వాడి భయం నాకు అర్థమైంది. కాబట్టి ఐసొలేషన్, క్వారంటైన్ అని పెద్ద మాటలొద్దు. నేను మా అమ్మకి ఫోన్లో "వారం రోజులు ఎడంగా ఉంటున్నా" అన్నాను. ఆమెకి వెంటనే అర్థమైంది. ఎడం అంటే దూరం, శిక్ష కాదు. గూడెంలో మాట్లాడేటప్పుడు ఆ మాట వాడి చూడండి.

అట్లాగే పోడు చేలో మంచె ఉంది గదా, అక్కడ ఉంటా అని కొందరు అన్నలు రాశారు. ఒంట్లో బాగున్న కాంటాక్టుకి అది మంచి ఏర్పాటే, ఇంట్లో వరసలో పడుకోవడం కంటే నూరు రెట్లు మేలు. గాలి ఆడుతుంది, ఈ వైరస్‌కి గాలి ఆడటమే విరుగుడు. కానీ జ్వరం మొదలైనవాళ్ళని ఒక్కళ్ళనే పంపొద్దు. మంచె దగ్గర సిగ్నల్ ఉండదు. ఆక్సిజన్ పడిపోతుంటే మనిషికి తనకి తెలియకుండానే మగతొస్తుంది. కేక వేస్తే వినపడే దూరంలో ఒక మనిషి, ఆశా అక్క దగ్గర వేలికి పెట్టే ఆక్సిమీటర్, ఈ రెండూ ఉంటేనే.

గాలి అన్నాను గాబట్టి ఇది కూడా. పాజిటివ్ వచ్చిన రోజు మా హాస్టల్లో నేలంతా బ్లీచింగ్ చల్లారు. కళ్ళు మండిపోయాయి. రాత్రి చలిగా ఉందని కిటికీలన్నీ మూయించారు. నేల మీద వైరస్ కంటే నలుగురు వదిలిన గాలిలో వైరస్ ఎక్కువ ప్రమాదం. మేము ఇప్పుడు కిటికీలు తెరిచి దుప్పట్లు రెండేసి కప్పుకుంటున్నాం. ఒకడి తల వైపు ఇంకొకడి కాళ్ళు వచ్చేట్టు పడుకుంటున్నాం. నవ్వొచ్చే పనే గానీ ముఖానికీ ముఖానికీ ఐదడుగులు పెరిగింది.

కూలి సంగతి కూడా మర్చిపోవద్దు. ఇది మిర్చి కాలం. పొద్దున్నే ట్రాలీలో ఇరవై ముప్పై మంది ఎక్కి చేలకి పోతున్నారు. ఇంటికి పోయిన విద్యార్థి ఏం చేస్తాడు? ఖాళీగా ఎందుకు కూర్చోవాలని అదే ట్రాలీ ఎక్కుతాడు. రోజు కూలి పోతుందంటే ఏ అమ్మానాన్నలైనా ఏడు రోజులు కూర్చోబెడతారా? ఎవరి నష్టం ఎవరూ పూడ్చనప్పుడు, ఇంట్లో కూర్చోండి అని కాగితం మీద రాయడం తేలిక. హాస్టల్లో ఉంటే మెస్సు ఎట్లాగూ నడుస్తుంది, మాకు పెట్టే అన్నం ఆ ఏడు రోజులూ మాకే పెడితే చాలు.

ఇక మేడారం. నేను పోవద్దు అనట్లేదు. రెండేళ్ళకోసారి తల్లులు గద్దెకి వచ్చేది. 2020లో పోయాను, ఈసారి నా మొక్కు బాకీ ఉంది. 2022 జాతరలో ఫిబ్రవరి 16న సారలమ్మ గద్దె మీదికి వస్తుంది, 17న చిలుకలగుట్ట నుంచి సమ్మక్క, 18న మొక్కులు, 19న వనప్రవేశం. మన జాతర, మన తల్లులు. అందుకే లెక్క వేసుకుని పోదాం అంటున్నా. పాజిటివ్ మనిషితో చివరిగా మెలిగిన రోజు సున్నా. మాది 5వ తారీఖు. 6 మొదటి రోజు, 12 ఏడో రోజు. అప్పటిదాకా ఎడంగా. 15తో పది రోజులు, అప్పటిదాకా మాస్కు. 16న బయలుదేరొచ్చు. ఒమిక్రాన్ చాలామందిలో మూడు నాలుగు రోజుల్లోనే బయటపడుతుంది కాబట్టి ఏడు రోజులు ఆగితే చాలావరకు తేలిపోతుంది. మధ్యలో మా ఏడుగురిలో ఎవరికైనా జ్వరం వస్తే, వాడితో ఒకే రూములో ఉన్నాం కాబట్టి మిగతావాళ్ళ లెక్క మళ్ళీ మొదలు. అదే మా భయం. ఏడుగురిని ఒకే రూములో పెడితే ఒకడి వల్ల ఆరుగురి జాతర పోతుంది. రెండు రూముల్లో పెడితే సగం పోతుంది. ఇది వైరస్ సైన్సు కంటే మామూలు లెక్కే.

10వ తారీఖు తర్వాత మెలిగినవాళ్ళకి మాత్రం ఏడు రోజులు జాతర మధ్యలో పడతాయి. వాళ్ళకి నేనేం చెప్పను? జాతరలో కోటి మంది కలుస్తారంటారు, ఎడ్లబండిలో, బస్సులో, జంపన్నవాగులో, క్యూలో. గద్దెల దగ్గర మాస్కు నిలుస్తుందా? మన పూజారులు, వడ్డెలు చాలామంది పెద్ద వయసువాళ్ళు. వాళ్ళలో ఒకరికి మన వల్ల వస్తే, ఏ డోసు సర్టిఫికెట్ చూపించి ఏం లాభం? తల్లులు వనానికి పోయాక కూడా గద్దెలు అక్కడే ఉంటాయి, వారం తర్వాత పోయి మొక్కినవాళ్ళు లేరా? మా ఊళ్ళో అట్లా పోయేవాళ్ళు ఉన్నారు. బెల్లం అప్పుడు సమర్పించినా బంగారమే.

నేను కోరేది పెద్దదేం కాదు. మన ట్రైబల్ వెల్ఫేర్ హాస్టళ్ళలో పాజిటివ్ వచ్చిన రూములో వాళ్ళని, రెండు డోసులు అయినా కాకపోయినా, ఏడు రోజులు ఇంటికి పంపకూడదు. ఇంట్లో విడి గది ఉందని పిల్లలే చెప్తే అది వేరే సంగతి. హాస్టల్లోనే వేరే గది, వేరే బాత్రూం వేళ, ప్లేటు గుమ్మం దగ్గరికి. నాలుగో రోజున అందరికీ ఒక టెస్టు, పీహెచ్‌సీ నుంచి మనిషి వచ్చి. వార్డెన్ సార్లని నేను తప్పుపట్టట్లేదు, వాళ్ళకి పై నుంచి కాగితం లేదు, పిల్లలకి ఏమైనా అయితే తమ మెడకి చుట్టుకుంటుందని భయం. ఆ కాగితం రావాలనే డీటీడీఓ గారికి, ఐటీడీఏ పీఓ గారికి అర్జీ రాస్తున్నాం. పీఓ గారికి ఇచ్చేదానిలో మేడారం తర్వాత తిరిగొచ్చే పిల్లల సంగతి కూడా పెడుతున్నాం, 20వ తారీఖు నుంచి అందరూ ఒక్కసారే హాస్టళ్ళకి వస్తారు కాబట్టి.

మీ హాస్టల్లో ఎంతమంది, గదులెన్ని, ఖాళీ గది ఉందా లేదా, పాజిటివ్ వస్తే మీ దగ్గర ఏం చేశారో ఇక్కడ రాయండి. మీ పేరు రాయొద్దు, పిల్లల పేర్లు అసలే వద్దు. మండలం చాలు. అర్జీకి అవే ఆధారం. మా దగ్గరైతే స్టోరు రూము పక్కన ఒక గది ఉంది, రెండు కిటికీలు, విరిగిన మంచాలు వేసి తాళం పెట్టారు. మేము ఏడుగురం కలిసి మంచాలు బాగుచేసుకుంటామని వార్డెన్ సార్‌తో అన్నాం. ఆయన కాదనలేదు, అవుననలేదు. శుక్రవారం మళ్ళీ అడుగుతున్నాం, తాళంచెవి కోసం.